పనులు అవే, చేసినది మగవాడైతే? – ‘ది మ్యాన్’ పాట గురించి

ఆడవాళ్ల మీద లోకం పెట్టుకునే అంచనాలను నిలదీసే ఇంగ్లీషు పాప్ పాట ఒక్కటి చెప్పమనీ, అది మన జీవితాలకు ఎంతవరకు తగులుతుందో రాయమనీ అడిగారు. నేనైతే అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ ‘ది మ్యాన్’ పేరు చెబుతాను. 2019 ఆగస్టులో వచ్చిన ‘లవర్’ ఆల్బమ్‌లోని ఈ పాట 2020 జనవరిలో సింగిల్‌గా విడుదలైంది. లార్డ్ అనే గాయని పాడిన ‘రాయల్స్’ పాట వెనుక ఉన్న న్యూజిలాండ్ నిర్మాత జోయెల్ లిటిల్‌తో కలిసి ఆమె దీన్ని రాశారు.

పాటలోని ఎత్తుగడ చాలా చిన్నది. తాను చేసిన పనులన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు ఉంచి, చేసిన మనిషిని మాత్రం మగవాడిగా ఊహించుకుంటే లోకం ఏమని ఉండేదో ఆమె లెక్క వేస్తారు. ఎంతమందితో తిరిగినా ముచ్చటపడేవారు, ఈ సంపాదనకు తగినవాడేనా అని ఎవరూ ఆరా తీసేవారు కాదు, వేసుకున్న బట్టలను వదిలిపెట్టి చెప్పిన ఆలోచన గురించే మాట్లాడేవారు అంటూ, హాలీవుడ్ నటుడు లియొనార్డో డికాప్రియోను పేరు పెట్టి మరీ ఉదాహరణగా తెస్తారు. ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరక్క చెడ్డాడు అనే సామెత వింటూ పెరిగినవాళ్లకు ఇందులో కొత్త సంగతేమీ లేదు. మనవాళ్లు ఒక్క వాక్యంలో తీర్పుగా తేల్చేసినదాన్ని ఆమె మూడు నిమిషాల పాటలో ప్రశ్నగా తిప్పి అడిగారు, అంతే.

నేను ఒక బ్యాంకులో రుణాల విభాగం చూస్తాను. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజులు, లేని దరఖాస్తును వెనక్కి ఇచ్చినప్పుడు, ఎదుటి కుర్చీలోని పెద్దమనిషి నా భుజం మీదుగా లోపలి గది వైపు చూసి, ‘సార్ ఎప్పుడొస్తారమ్మా?’ అని అడగడం నాకు బాగా అలవాటైన దృశ్యం. ఆయన వెతుకుతున్న ఆ సార్ స్థానంలో ఉన్నది నేనే. నాకు ముందు ఇదే కుర్చీలో కూర్చున్న అధికారి ఇవే కాగితాలను ఇదే కారణంతో తిప్పి పంపేవారు. ఆయనకు నిక్కచ్చి మనిషి అని పేరు వచ్చింది, నాకు పొగరు అని వచ్చింది. ఈ తేడాను తర్కంతో నిరూపించబోతే ఎదుటివారు అంతా నా ఊహేనని కొట్టిపారేస్తారు. మనిషిని మార్చి చూడమన్న ఈ పాట పద్ధతి మాత్రం వాదన లేకుండానే పని చేస్తుంది. నా పరిశీలనకు వచ్చే వార్షిక నివేదికల్లో ఒక మహిళా ఉద్యోగి గురించి ‘కొంచెం సౌమ్యంగా ఉంటే బాగుంటుంది’ అని కనిపిస్తే, అదే పని చేసిన మగ ఉద్యోగి నివేదికలోనూ ఈ మాట రాస్తారా అని రాసినవారినే అడుగుతున్నాను. చాలాసార్లు ఆ వాక్యం మాయమవుతుంది.

2020 ఫిబ్రవరిలో వచ్చిన వీడియోకు ఆమే దర్శకత్వం వహించారు. మేకప్‌తో టైలర్ అనే మగవాడిగా మారినదీ ఆమే. గొంతు మాత్రం హాలీవుడ్ నటుడు డ్వేన్ జాన్సన్‌ది. ఆ ఏడాది ఎంటీవీ మ్యూజిక్ వీడియోలకు ఇచ్చే వీఎంఏ అవార్డుల్లో దీనికి ఉత్తమ దర్శకత్వ పురస్కారం కూడా వచ్చింది. అయినా పాటతో పోలిస్తే వీడియో ఒక మెట్టు తక్కువేనని నా అభిప్రాయం. పాటలోని మగవాడు ఆమె చేసిన మంచి పనులే చేసి మెప్పు పొందుతాడు. వీడియోలోని మగవాడు రైలులో కాళ్లు బార్లా చాపి చుట్ట కాల్చే వెకిలి మనిషి. వెకిలివాణ్ని చూసి నవ్వడం సులభం, మగవాళ్లు కూడా మనతోపాటే నవ్వేసి, మేమలాంటివాళ్లం కాదు కదా అని తప్పుకుంటారు. టెన్నిస్ కోర్టులో అతను రాకెట్ విరగ్గొట్టి వీరంగం వేసే ఘట్టం కొంత నయం, ఎందుకంటే అది చూస్తే 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్ గుర్తొస్తుంది: అంపైరుతో గొడవపడిన సెరెనా విలియమ్స్‌కు ఆ రోజు ఒక గేమ్ కోత పడింది, తరువాత 17,000 డాలర్ల జరిమానా పడింది. అన్నిటికంటే గురి తప్పనిది కూతుర్ని ఎత్తుకున్నందుకే అతనికి చుట్టూ ఉన్నవాళ్లు జేజేలు కొట్టే సన్నివేశం. మా ఆయన ఒక్కసారి పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగుకు వెళ్తే, టీచర్లు అంతమంది తల్లుల మధ్య ఆయన్నే ప్రత్యేకంగా అభినందించారు. ఆయనే ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పారు.

ఇది కోటీశ్వరురాలి ఫిర్యాదు కదా అనే విమర్శలో నిజం లేకపోలేదు. కూలి పనిలో ఆడమనిషికీ మగమనిషికీ ఉన్న తేడా ఈ పాట దరిదాపుల్లో ఎక్కడా లేదు, దాన్ని ఇందులో వెతకడం అనవసరం.

ముందు వీడియో జోలికి పోకుండా ఆల్బమ్‌లోని పాట వినండి. తరువాత 2019 సెప్టెంబరులో పారిస్ కచేరీలో ఆమె గిటార్ మీద పాడినది వినండి. గిటార్ మీద ఇదంతా మనసులోని బాధ చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. సింథసైజర్ బీటు మీద అవే మాటలు ఎకసెక్కంగా వినిపిస్తాయి. నాకు ఎకసెక్కమే ఇష్టం, మా అమ్మాయికి గిటారే ఇష్టం.