కుందేలుకు ఎక్కించే ముందు ద్రావకాన్ని విడిగా పరీక్షించండి

కర్నూలులో ఎం.ఫార్మసీ చదివే తమ్ముడు అడిగింది ఇది: "రక్తనాళాన్ని మూసే ద్రవం తయారు చేశాం. గాజు గొట్టంలో చక్కగా గట్టిపడింది. ఇక కుందేళ్ల మీద చేయొచ్చా?"

తమ్ముడూ, తొందరపడొద్దు. మాది ప్రొద్దుటూరు. పశువైద్యం చదివి, ఇలాంటి ప్రయోగాల్లో జంతువులకు మత్తు ఇచ్చే పని కొన్నేళ్లు చేశాను.

మొదట్లో ఒక కుందేలు కిడ్నీ ధమనిలోకి, డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావకంలో కరిగించిన పాలిమర్‌ను ఎక్కించాం. టెన్షన్‌లో కొన్ని సెకన్లలోనే తోసేశాం. నాళం బిగుసుకుపోయింది. తర్వాత మైక్రోస్కోపు కింద చూస్తే నాళం గోడ దెబ్బతిని ఉంది. పాలిమరే విషమనుకున్నాం. కానీ అదే వేగంతో డీఎంఎస్ఓ ఒక్కటే ఇచ్చిన కుందేలులోనూ అదే గాయం! ఈ సంగతి 1990లలోనే పందుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. మేం ముందే చదివి ఉంటే ఆ మొదటి కుందేలు మిగిలేది. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

అందుకే ద్రావకం మాత్రమే ఇచ్చే గ్రూపు తప్పనిసరిగా ఉండాలి. డీఎంఎస్ఓలోనే కరిగించే ఇలాంటి మందుల్లో పేరున్న ఆనిక్స్‌ను నిమిషానికి సుమారు 0.16 మి.లీ. వేగంతోనే ఎక్కిస్తారు. ఎక్స్‌రేలో కనపడటానికి అందులో టాంటలం అనే లోహపు పొడి కలుపుతారు. అది అడుగుకు దిగిపోతుంది కాబట్టి వాడేముందు 20 నిమిషాలు కుదుపుతారు.

గాజు గొట్టంలో నీళ్లు కదలవు, నాళంలో రక్తం పారుతుంది. సన్నని సిలికాన్ ట్యూబుల్లో 37 డిగ్రీల సెలైన్‌ను పంపుతో పారించి, మీ ద్రవం ఎలా గట్టిపడుతుందో అందులో చూడండి. డీఎంఎస్ఓ అయితే కొన్ని రకాల ప్లాస్టిక్ సిరంజిలను, క్యాథెటర్లను (నాళంలోకి మందు పంపే సన్నని గొట్టాలను) పాడు చేస్తుంది, అది కూడా అక్కడే బయటపడుతుంది. నాళాలు మూయడానికి వాడే సైనోయాక్రిలేట్ జిగురు వేరు. రక్తంలోని అయాన్లు తగలగానే గట్టిపడుతుంది, సెలైన్‌లోనూ అయాన్లు ఉంటాయి, అందుకే క్యాథెటర్‌ను సెలైన్‌తో కాకుండా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కడుగుతారు.

ద్రవం నాళాల్లో ఎంత లోపలికి వెళ్లిందన్నదే అసలు పరీక్ష. అనంతపురం చీనీ తోటలో ఒక కాలువకు అడ్డం కట్టినా నీళ్లు పక్క దారి వెతుక్కుంటాయి కదా! మెదడులో ధమనులు, సిరలు చిక్కుముడి పడే జబ్బులో కూడా అంతే, లోపలిదాకా వెళ్లకుండా మొదట్లోనే మూస్తే పక్క నాళాల నుంచి రక్తం చేరుతుంది. కుందేలు కిడ్నీలో ఆ పక్కదారులు తక్కువ కాబట్టి ఫలితం బాగా కనిపిస్తుంది. కానీ ఆ చిక్కుముడి జబ్బుకు మందు కావాలంటే పంది మెదడు అడుగున ఉండే సన్న నాళాల వల మీద కూడా చూడాలి. కుందేలుకు ఆ వల లేదు.

కుందేళ్లకు మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి చాలు, పందులకు కేంద్ర ప్రభుత్వ జంతు ప్రయోగాల కమిటీ సీసీఎస్ఈఏ అనుమతి కూడా కావాలి.

మీ ద్రవంలో ద్రావకం ఏదో రాయలేదు. అది చెబితే మొదటి గ్రూపును ఎలా పెట్టాలో రాస్తాను.