కెమెరా బాడీ కొనే ముందు ఆ ‘పనికిరానివి’ ఫోల్డర్ తెరువు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. చేతిలో డెబ్బై వేలున్నాయి, పెళ్లి ఫోటోలకి నీ కెమెరా కేనన్ 1500డీ చాలట్లేదు, ఫుల్ ఫ్రేమ్‌కి (వెలుతురు పట్టే సెన్సర్ పెద్దగా ఉన్నదానికి) వెళ్లాలా, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేనిది) తీసుకోవాలా, ఎవరో సెకండ్ హ్యాండ్ 6డీ మార్క్ టూ ఇస్తానంటున్నాడు, శనివారం లోపు చెప్పకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. ఇచ్చేయనీ. అలా తొందరపెట్టేవాడి దగ్గర కెమెరా కొనొద్దు.

నువ్వు అడక్కపోయినా నేనో పని చేశాను. పోయిన నెల మనం కలిసి తీసిన పెళ్లి హార్డ్ డిస్క్ నా దగ్గరే ఉంది కదా. అందులో ‘పనికిరానివి’ అని నువ్వు పక్కన పెట్టిన ఫోల్డర్ తెరిచి, టీ తెచ్చుకుని కూర్చున్నాను. నూట డెబ్బై ఫోటోలు. ఒక్కొక్కటీ ఎందుకు పోయిందో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ చూశాను. వందకు పైగా చెయ్యో తలో కదిలి మసకబారినవి. నలభై దాకా ఫోకస్ మొహాన్ని వదిలేసి వెనక అరటి చెట్టు మీద పడ్డవి. కొన్ని ఫ్లాష్ వెలగనివి. గ్రెయిన్ (మసక వెలుతురులో పడే ఇసక లాంటి చుక్కలు) వల్ల పోయినవి పది కూడా లేవురా. నువ్వేమో మెసేజ్ మొత్తం గ్రెయిన్ గురించే మాట్లాడావు.

ఒక ఫోటో చెప్తాను. జీలకర్ర బెల్లం. పెళ్లికూతురు తల వంచుకుని ఉంది, తమలపాకులో ముద్ద ఆమె నడినెత్తిన, పైన పెళ్లికొడుకు చెయ్యి. మొహాలు ఎంత బాగా వచ్చాయో చెప్పలేను. కానీ ఆ చెయ్యి మాత్రం పొగలా ఉంది. వివరాలు చూస్తే 18-55 లెన్స్ 50 ఎంఎం జూమ్ దగ్గర, ఎఫ్ 5.6 (లెన్స్ తెరుచుకునే కొలత, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది), షట్టర్ సెకనులో 1/30 వంతు, ఐఎస్ఓ (వెలుతురుని పెంచి చూపే సెట్టింగ్) 3200. ఆ జూమ్ దగ్గర కెమెరాతో వచ్చిన నీ కిట్ లెన్స్ అంతకంటే తెరుచుకోదు. అదే చోట ఎఫ్ 2.8 లెన్స్ ఉంటే నాలుగింతల వెలుతురు లోపలికొచ్చేది, ఐఎస్ఓ ముట్టుకోకుండానే షట్టర్ 1/125కి వెళ్లేది, ఆ చెయ్యి నిలబడేది. ఆ తప్పు నీ బాడీది కాదు, లెన్స్‌ది. నువ్వు మాత్రం బాడీ మారుద్దామంటున్నావు.

అలాగని బాడీ మార్చొద్దని అనడం లేదు. ఆ అరటి చెట్టు ఫోటోలు నలభై ఉన్నాయి కదా, వాటి పాపం బాడీదే. 1500డీలో ఫోకస్ పాయింట్లు తొమ్మిది, అందులో గట్టిగా పట్టేది మధ్యలోది ఒక్కటే. మసక వెలుతురులో దానితో పట్టి, కెమెరా పక్కకి తిప్పి నొక్కుతున్నావు. ఈలోపు పెళ్లికూతురు కదులుతుంది.

ఇప్పుడు నీ లిస్టు చూద్దాం. 6డీ మార్క్ టూ మంచి కెమెరానే. 2017లో వచ్చింది, 26 మెగాపిక్సెల్, స్క్రీన్ తిరుగుతుంది. పెద్ద సెన్సర్ వల్ల నీ దానికంటే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) పైచిలుకు లాభం. కానీ నీ 18-55, 55-250 రెండూ ఈఎఫ్-ఎస్ లెన్సులు, చిన్న సెన్సర్ కెమెరాలకి చేసినవి, దానికి అసలు ఎక్కవు. నీ దగ్గరున్నవాటిలో ఎక్కేది 50 ఎఫ్ 1.8 ఒక్కటే. ఒక్క 50తో పెళ్లి తీస్తావా? పంతులుగారు, వీడియో అతను, మేనమామలు, పిల్లలు అంతా నిండిన మండపంలో వెనక్కి జరగడానికి చోటెక్కడిది? కాబట్టి 24-70 ఎఫ్ 2.8 కొనాల్సిందే, దానికి మళ్లీ చాలా డబ్బు కావాలి. ఏనుగును కొనేశాక అంకుశానికి డబ్బుల్లేనట్టుంటుంది నీ పని.

ఈఓఎస్ ఆర్‌పీ అన్నావు, ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్. అడాప్టర్ (బాడీకీ లెన్స్‌కీ మధ్య తగిలించే రింగు) పెడితే నీ లెన్సులన్నీ పనిచేస్తాయి, నిజమే. కానీ ఈఎఫ్-ఎస్ లెన్స్ తగిలిస్తే అది సెన్సర్‌లో మధ్య ముక్క మాత్రమే వాడుకుంటుంది. 26 మెగాపిక్సెల్ కాస్తా పది చిల్లరకు పడిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ అని డబ్బు పోసి చివరికి ఆ ముక్కతో పనిచేయాలి. పైగా బ్యాటరీ చిన్నది, కంపెనీ లెక్కే 250 ఫోటోలు. స్నాతకం అయ్యేసరికే బ్యాటరీ మార్చాలి.

మిర్రర్‌లెస్ అంటే నాకు పడదని మీ అమ్మ నీకు చెప్పి ఉంటుంది. అదేం లేదు. మనిషి కన్ను ఎక్కడుందో కెమెరానే వెతికి పట్టడం గొప్ప సంగతి, నాకు పాతికేళ్ల క్రితం ఉంటే ఎంత టెన్షన్ తప్పేదో. కేనన్ మిర్రర్‌లెస్‌లో ఆర్10 చూశాను. నీ కెమెరా సైజు సెన్సరే కాబట్టి అడాప్టర్‌తో నీ లెన్సులు పూర్తిగా పనిచేస్తాయి. కాకపోతే కొత్త బాడీ, అడాప్టర్ కలిపితే డెబ్బై వేలల్లో లెన్స్‌కి ఏమీ మిగలదు. కన్ను బ్రహ్మాండంగా పట్టి, మళ్లీ ఎఫ్ 5.6 దగ్గర 1/30లోనే తీస్తావు. ఇంకో ముప్పై వేలు కూడేదాకా ఆగగలిగితే ఆర్10 తీసుకో, నేను అడ్డం రాను. ఆగలేనంటున్నావు కాబట్టి చెప్తున్నా.

నా మాట సెకండ్ హ్యాండ్ కేనన్ 80డీ, దానితో పాటు సిగ్మా 17-50 ఎఫ్ 2.8. అదీ సెకండ్ హ్యాండే. ఈ రెండూ నీ డబ్బులో వస్తాయి, బేరం బాగా కుదిరితే బ్యాటరీ, కార్డులకీ మిగులుతుంది.

80డీ 2016 నాటిది. సెన్సర్ నీ దానికంటే పెద్దగా మెరుగు కాదు, రాత్రి ఫోటోలో గ్రెయిన్ ఇంచుమించు ఇంతే. అది ముందే తెలుసుకో, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. కానీ ఫోకస్ పాయింట్లు 45, అన్నీ క్రాస్ టైపే, అంటే గట్టిగా పట్టేవే. మొహం ఎక్కడుంటే పాయింట్ అక్కడికే జరుపుకోవచ్చు. లైవ్ వ్యూలో (తెర మీద చూస్తూ తీసేటప్పుడు), వీడియోలో తెర మీద వేలు పెడితే ఫోకస్ మెత్తగా అక్కడికి వెళ్తుంది, నీ రీల్స్‌కి పనికొస్తుంది. 4కే లేదు. రీల్స్‌కి 4కే అడిగే కస్టమర్ నాకింకా తగల్లేదు. కల్యాణమండపాల్లో పాత ట్యూబ్ లైట్ల కింద ఒక ఫోటో తెల్లగా, పక్కది పచ్చగా వస్తాయి చూశావా? కరెంటుకి ఆ దీపాలు సెకనుకి వందసార్లు మినుకుతాయి. ఆ మినుకు చూసుకుని షట్టర్ కొట్టే సెట్టింగ్ 80డీలో ఉంది. వేరే కంపెనీ లెన్స్ పెడితే ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడొచ్చు, దాన్ని సరిచేసుకునే మెనూ కూడా ఉంది. నీ దాంట్లో ఈ రెండూ లేవు.

లోపం లేదని కాదు. కేనన్, నికాన్ రెండూ 2020 తర్వాత 80డీ లాంటి అద్దం ఉన్న కెమెరాల్లో (డీఎస్ఎల్ఆర్) కొత్త మోడల్ తేలేదు. అంటే నువ్వు కొనేది సాయంత్రం బండి. మూడు నాలుగేళ్లు దీని మీద సంపాదించుకుని అప్పుడు మారు. నేను నికాన్ వాడిని, 2004లో డీ70తో డిజిటల్‌లోకి వచ్చాను. అయినా నిన్ను నికాన్‌కి రమ్మనను. కంపెనీ మారితే 50, 55-250 సగం ధరకి పోతాయి, ఆ సగం నువ్వు పెట్టుకోవాలి.

ఇంకో సంగతి, 1500డీ అమ్మొద్దు. 80డీకి కార్డు ఒక్కటే పడుతుంది. నేను డీ90 వాడే రోజుల్లో దానికీ ఒక్కటే. ఒక పెళ్లిలో తలంబ్రాలు అయ్యాక కార్డు తీసి చూస్తే ఖాళీ అని చూపించింది. రికవరీ చేయించాను, బ్యాండు మేళం ఫోటోలు వచ్చాయి గానీ తలంబ్రాలు రాలేదు. వీడియో అతన్ని బతిమాలి అందులోంచి ఫ్రేములు తీసి ఆల్బమ్‌లో నాలుగు పేజీలు అతికించాను. పెళ్లికూతురి నాన్నగారు ఆ పేజీల దగ్గర ఆగి, ఏమీ అనకుండా తిప్పేశారు. డబ్బు తగ్గించుకోండి అన్నా వినలేదు. తర్వాత డీ750 కొన్నాను, రెండు కార్డులు పడతాయని. నీకు ఆ బడ్జెట్ లేదు. అందుకని ముఖ్యమైన ఘట్టాల్లో పాత దానికి 50 తగిలించి మెడలో వేసుకో, దానితోనూ నాలుగు నొక్కు. పెద్ద కార్డు ఒకటి బదులు 32 జీబీవి నాలుగు కొను, ముహూర్తం అవగానే మార్చేసి జేబులో పెట్టుకో. రెండు కెమెరాల బ్యాటరీలు వేరు, చార్జర్లు కలిపేయకు.

చూసి కొనడం ఎలాగో చెప్తాను. స్టూడియోవాళ్ల బాడీ కంటే సరదాకి కొని బీరువాలో పెట్టినవాడిది మేలు. 80డీ షట్టర్‌ని లక్ష నొక్కులకి తయారు చేశారు, ఒక పెళ్లికే రెండు మూడు వేలు అవుతాయి కదా. కేనన్ ఆ మోడల్‌లో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని నొక్కులయ్యాయో ఆ లెక్క) ఫోటో వివరాల్లో కనపడదు, కంప్యూటర్‌కి కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి, ల్యాప్‌టాప్ తీసుకెళ్లు. ‘తక్కువే వాడాం అండీ’ అనే మాట లెక్కలోకి రాదు. ఎఫ్ 16 పెట్టి తెల్లగోడని తియ్యి, దుమ్ము చుక్కలు కనపడతాయి. దుమ్ము పర్లేదు, తుడిస్తే పోతుంది, గీత ఉంటే లేచి వచ్చెయ్. మూత పెట్టి ఒక ఫోటో తీసి, ఎర్ర చుక్కలేమైనా వెలుగుతున్నాయేమో చూడు. ఫ్లాష్ తగిలించి పది సార్లు వెలిగించు. అడుగున స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట.

లెన్స్ విషయంలో ఇంకా జాగ్రత్త. మనది తేమ ఊరు, తెనాలి గాలికి అద్దంలో బూజు పడుతుంది. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడు. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే సగం ధరకి ఇచ్చినా వద్దను. కొన్నాక నువ్వు కూడా మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, ఆ లెదర్ బ్యాగులో వద్దు.

షాపులో ఈఎంఐ అంటారు. మన పనికి అది పడదురా. కిస్తీకి ఆషాఢం తెలీదు, మూఢం తెలీదు, నీకేమో ఆ రోజుల్లో ఒక్క ఫంక్షనూ ఉండదు. ఉన్న డెబ్బై వేలతోనే సర్దుకో.

కోఠి వెళ్లేటట్టయితే పొద్దున్నే వెళ్లు, సాయంత్రం రద్దీలో ఎవరూ టెస్ట్ చేయనివ్వరు. డబ్బు ఇచ్చే ముందు బాడీ అడుగున ఉన్న నంబరూ, బిల్లు మీద నంబరూ రెండూ ఫోటో తీసి నాకు పంపు. రాత్రి పదింటి దాకా ఎడిటింగ్‌లోనే ఉంటాను.

మీ మావయ్య