ఆ మేడమ్‌నే మెంటర్‌గా ఉంచుకోనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి టెక్సస్‌లో ఎలిమెంటరీ స్కూల్ టీచర్. ఎప్పటికైనా స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ కావాలని దాని కోరిక. దానికి దారి చూపిస్తున్న ప్రిన్సిపల్ నల్లజాతి మహిళ. డాక్టరేట్, ఇరవై ఏళ్లకు పైగా అనుభవం ఉన్నాయి. అయినా సూపరింటెండెంట్ ఇంటర్వ్యూల్లో ఆఖరి రౌండ్ దాకా వెళ్లి ఆగిపోతున్నారట. ఆవిడకే దిక్కు లేకపోతే మా పిల్లకేం చేస్తారు? పలుకుబడి ఉన్న వేరే మెంటర్‌ని చూసుకోమని చెప్పనా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: చెప్పకండమ్మా. ఆవిడ ఆగిపోవడానికి కారణం ఆవిడలో ఏదో తక్కువై ఉంటుందన్న అనుమానం మీ ప్రశ్నలో కనిపిస్తోంది. ముందు అది తీసేయండి.

సూపరింటెండెంట్ అంటే ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లోని ప్రభుత్వ బడులన్నిటికీ అధిపతి, మన డీఈఓ లాంటి పోస్టు. మన దగ్గర డీఈఓని ప్రభుత్వం వేస్తుంది. టెక్సస్‌లో మామూలుగా సూపరింటెండెంట్‌ను ఎంచుకునేది ఓట్లతో గెలిచిన స్కూల్ బోర్డు. ఏడుగురు సభ్యులుంటే నలుగురు ఊ అనాలి. అంతకుముందు అభ్యర్థులను వడపోసేది చాలాచోట్ల ప్రైవేటు సెర్చ్ సంస్థ. వాళ్ల ఫోన్లు ముందు వెళ్లేది ముందే పరిచయమున్న వాళ్లకి. ఆ పరిచయాలు ఎవరికుంటాయో చెప్పాలా? సూపరింటెండెంట్ల జాతీయ సంఘం 2020 అధ్యయనం ప్రకారం ఆ పోస్టుల్లో 90 శాతానికి పైగా తెల్లవాళ్లే. మహిళలు పావు వంతుకు కాస్త ఎక్కువ. టీచర్లలో చూస్తే నాలుగింట మూడొంతులు ఆడవాళ్లు!

దీని వెనక పాత కథ ఉంది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసు తీర్పుతో తెల్ల పిల్లలకు, నల్లజాతి పిల్లలకు వేర్వేరు బడులు చెల్లవంది. బడులు కలిపేటప్పుడు దక్షిణ రాష్ట్రాల్లో మూతపడినవి ఎక్కువగా నల్లజాతి పిల్లల బడులే. వేలమంది నల్లజాతి టీచర్ల, ప్రిన్సిపాళ్ల ఉద్యోగాలు పోయాయి. పై పోస్టులకు వెళ్లాల్సిన ఒక తరమే అలా చెదిరిపోయింది.

పోస్టు వచ్చినా కష్టం తీరదు. ఖజానా ఖాళీ అయినప్పుడో, బోర్డులో గొడవలు ముదిరినప్పుడో నల్లజాతి మహిళలకు పిలుపొస్తుందన్నది ఈ రంగంలో తరచూ వినిపించే మాట. లేదంటే తాత్కాలిక సూపరింటెండెంట్‌గా బండి లాగించుకుని, పర్మనెంట్ పోస్టు ఇంకొకరికి ఇస్తారు. బార్బరా సైజ్‌మోర్ 1973లో వాషింగ్టన్ డీసీ స్కూళ్ల బాధ్యత తీసుకున్నారు. పెద్ద నగరపు స్కూళ్లకు అధిపతి అయిన తొలి నల్లజాతి మహిళ ఆవిడే. 1975లోనే బోర్డు తీసేసింది.

మీ అమ్మాయి పరిస్థితి అచ్చంగా ఇదే కాదు. ఆ చరిత్ర బరువు తన మీద లేదు. యాస గురించి, 'మీది ఏ దేశం' అనే ప్రశ్నల గురించి తనకు వేరే టెన్షన్లుంటాయి. కానీ ఒక చిక్కు ఇద్దరికీ ఉమ్మడిదే. ఎలిమెంటరీ నుంచి వచ్చిన మహిళ అనగానే 'పిల్లల చదువు చూస్తుంది సరే, డబ్బు సంగతి?' అని బోర్డులు సందేహిస్తాయి. ఇంటర్వ్యూలో రీడింగ్ స్కోర్ల గురించి గంట మాట్లాడినా, ఎవరో ఒకరు బాండ్ ఎన్నిక (బడుల భవనాలకు అప్పు తెచ్చేందుకు ఓటర్ల అనుమతి అడగడం) గురించో, కారుతున్న జిమ్ పైకప్పు గురించో అడిగితే అక్కడ తడబడకూడదు.

అందుకని ఇప్పుడే ఇంకో డిగ్రీకి ఫీజు కట్టొద్దు. సూపరింటెండెంట్ సర్టిఫికెట్‌కు మాస్టర్స్, పరీక్ష కావాలి, డాక్టరేట్ తప్పనిసరి కాదు. అసిస్టెంట్ ప్రిన్సిపల్‌గా వెళ్లేటప్పుడు వీలైతే హైస్కూల్ ఎంచుకోమనండి. డిస్ట్రిక్ట్ బడ్జెట్ కమిటీలో చోటు అడగమనండి. నెలకోసారి బోర్డు మీటింగ్‌కెళ్లి వెనక వరసలో కూర్చున్నా చాలు, ఏ సభ్యుడు దేనికి అడ్డం పడతాడో తెలిసిపోతుంది.

ఇక ఆ మేడమ్‌ని అడగాల్సినవి: ఆఖరి రౌండ్‌లో ఏ ప్రశ్న దగ్గర గదిలో వాతావరణం మారింది? ఏ సెర్చ్ సంస్థ తిరిగి ఫోన్ చేసింది? కాంట్రాక్టులో మధ్యలో తీసేసే షరతు ఎలా రాశారు? పలుకుబడి ఉన్న మెంటర్‌కి బహుశా ఇవేవీ ఎదురై ఉండవు. ఈవిడకు ఎదురయ్యాయి. ఒక శనివారం ఆవిడను మీ ఇంటికి భోజనానికి పిలవండి.