యూపీఐ వాడకంపై వ్యాపారుల సర్వే: 384 మంది లెక్క కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

విజయవాడ, గుంటూరులో చిన్న వ్యాపారులు యూపీఐ ఎందుకు వాడుతున్నారో మీ థీసిస్‌లో తేల్చడానికి, కొత్త టెక్నాలజీని జనం ఎందుకు వాడతారో వివరించే యూటాట్-2 మోడల్ తీసుకున్నానన్నారు. ఇంగ్లిషు పేపర్లలోని ప్రశ్నల్ని తెలుగు చేసి, గూగుల్ ఫారంలో పెట్టి, 384 మందితో నింపిస్తే చాలా అని అడిగారు. మోడల్ సంగతి తర్వాత చూద్దాం. గూగుల్ ఫారాన్ని మాత్రం ఇప్పుడే పక్కన పెట్టేయండి.

వాట్సాప్‌లో లింకు పంపితే నింపేదెవరు? ఫోన్‌లో ఫారం నింపడం వచ్చినవాళ్లు. వాళ్లకు యూపీఐ ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది. అసలు వాడనివాళ్లు, వాడి మానేసినవాళ్లు, కొడుకు ఫోన్ మీద ఆధారపడేవాళ్లు మీ డేటాలోకి రానే రారు. అప్పుడు 'సులభంగా ఉంది కాబట్టి వాడుతున్నారు' అన్న ఫలితం తప్ప ఇంకోటి వచ్చే దారే లేదు. ఫారం లింకును క్యూఆర్ కోడ్‌గా అచ్చువేసి షాపుల్లో చూపించే ఆలోచన ఉంటే అదీ వద్దు. ముక్కూమొహం తెలియనివాళ్లు చూపించిన కోడ్ స్కాన్ చేయకండని బ్యాంకులు, పోలీసులు చెప్తూనే ఉన్నారు, వ్యాపారులకు అది బాగానే ఎక్కింది. కాగితమో, ట్యాబో మీ చేతిలోనే పెట్టుకుని, మీరే అడిగి, మీరే నింపాలి.

రెండోది, 'వాడకం' అంటే ఏమిటో ముందే కాగితం మీద రాసుకోండి. 'మీరు యూపీఐ వాడుతున్నారా' అని అడిగితే స్కానర్ అంటించుకున్న ప్రతివాళ్లూ అవుననే అంటారు. కొందరు వంద దాటితేనే ఫోన్‌పే తీసుకుంటారు. కొందరు ఎరిగినవాళ్ల దగ్గరే తీసుకుంటారు. బోణీ మాత్రం నోటే కావాలనేవాళ్లున్నారు. పూలమ్మే ఆవిడ బండి మీద స్కానర్ ఉంటుంది, అది అల్లుడి ఖాతాకు కట్టి ఉంటుంది. సాయంత్రానికి ఆవిడ చేతికి ఎంత వస్తుందన్నది వేరే కథ. వీళ్లందర్నీ 'యూజర్' అనే ఒక్క గడిలో పడేస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. అందుకని నాలుగు విడి ప్రశ్నలు పెట్టండి. స్కానర్ ఉందా? ఎవరి ఖాతాకు? గత 7 రోజుల్లో ఒక్కసారైనా దాని మీద డబ్బు వచ్చిందా? నిన్నటి అమ్మకంలో దాని వాటా ఎంత?

ఆ చివరిదాన్ని శాతాల్లో అడగకండి, నోటికొచ్చిన అంకె చెప్తారు. పది చింతపిక్కలు జేబులో వేసుకెళ్లండి. 'నిన్న వచ్చినవాళ్లు పదిమంది అనుకోండి, ఫోన్‌పే కొట్టినవాళ్లు ఇటు, నోట్లిచ్చినవాళ్లు అటు పెట్టండి' అనండి. తర్వాత అవే పిక్కలతో డబ్బు లెక్కన ఇంకోసారి పెట్టించండి. టీ బడ్డీలో, చెప్పుల షాపులో ఈ రెండు వాటాలూ ఒకేలా ఉండవు, ఆ తేడాయే పరిశోధనలో పనికొచ్చే భాగం. ఇంకో లాభం కూడా ఉంది. అభిప్రాయాలు, వాడకం రెండూ ఒకే ఒకటి-నుంచి-ఐదు స్కేలు మీద, ఒకే పేజీలో అడిగితే వాటి మధ్య సంబంధం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. వాడకాన్ని పిక్కలతో కొలిస్తే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది. ఆ బెడద ఉందో లేదో చూసే హర్మన్ టెస్టులో ఒక్క అంశం వాటా 50 శాతం దాటలేదని ఒక వాక్యం రాసి వదిలేయడం కన్నా ఇది గట్టి జవాబు.

ఇక 384. అనంతమైన జనాభాలో ఒక నిష్పత్తిని 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూఇటూగా చెప్పడానికి వచ్చే లెక్క అది, అదీ సింపుల్ రాండమ్ శాంపిల్ అయితేనే. మీరు వీధులవారీగా షాపులు తీసుకుంటారు, ఒకే వీధి షాపులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వీధికి 10 షాపులు, వీధి లోపలి పోలిక 0.05 అనుకుంటే, శాంపిల్‌ను ఎన్నింతలు పెంచాలో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 9 × 0.05 = 1.45. అప్పుడు 384 కాస్తా 557 అవుతుంది. అయితే మీది నిష్పత్తి అంచనా కాదు కదా, ఒక అంశం నుంచి ఇంకోదానికి బాణాలు (పాత్‌లు) గీసి వాటి బలం కొలిచే పాత్ మోడల్. అలాంటి మోడల్‌ను లెక్కగట్టే పీఎల్ఎస్ పద్ధతికి శాంపిల్ సైజు చెప్పే ఇన్వర్స్ స్క్వేర్ రూట్ సూత్రం ప్రకారం, 5 శాతం సిగ్నిఫికెన్స్, 80 శాతం పవర్‌తో, 0.2 సైజు పాత్ పట్టుకోవాలంటే 155 మంది చాలు. 0.15కి 275, 0.1కి 619. చిన్న పాత్‌ల మీద పెద్ద మాటలు చెప్పనంటే 300 మంచి షాపులు సరిపోతాయి. ఒక అంశం వైపు వచ్చే బాణాలెన్నో దానికి పదింతల మంది చాలనే పాత సూత్రాన్ని ఇప్పుడు వైవాలో ఎవరూ ఒప్పుకోరు.

300 ఎంచుకోవడం ఎలాగంటే, ముందు ప్రాంతాలు వేరు చేసుకోండి: బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ హోల్‌సేల్ వీధులు, పటమట, ఒక రైతు బజారు, అవతల గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట, పట్నంబజారు. ప్రతిచోటా కొన్ని వీధులు లాటరీ వేసి తీయండి. వీధి మొదట్లోంచి నడుస్తూ ప్రతి ఐదో షాపులోకి వెళ్లండి. తోపుడుబండ్లను కూడా లెక్కపెట్టండి, అద్దాల తలుపులున్నవి మాత్రమే షాపులు కావు. మూసి ఉంది, యజమాని లేరు, చెప్పనన్నారు, పూర్తయింది అని నాలుగు గళ్ల షీటు ఒకటి తప్పకుండా నింపుతూ ఉండండి. చెప్పనన్నవాళ్ల షీటు లేని థీసిస్ అంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. గుంటూరు మిర్చి యార్డును మాత్రం దీంతో కలపకండి. అక్కడ ఒక్కో లోడు లెక్క యూపీఐలో మామూలుగా ఉండే లక్ష రూపాయల పరిమితిని సులువుగా దాటుతుంది, డబ్బు బ్యాంకు దారిన పోతుంది. అది వేరే పరిశోధన.

ప్రశ్నల తెలుగు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. యూటాట్‌కి ముందు వచ్చిన టామ్ మోడల్‌కి డేవిస్ 1989లో రాసిన 'ఉపయోగకరం' ప్రశ్నల్ని ఉన్నదున్నట్టు దించితే 'యూపీఐ వల్ల నా పనితీరు మెరుగుపడుతుంది' అని వస్తుంది. కిరాణా షాపాయన దీనికి మొహమాటానికి అవునంటాడు, అంతే. తెలుగు చేసినదాన్ని ఇంకొకరితో తిరిగి ఇంగ్లిషు చేయించి సరిచూసే బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేయించాను కదా అనొచ్చు. బ్రిస్లిన్ 1970 పద్ధతిలో తిరిగి ఇంగ్లిషు చేయిస్తే ఆ వాక్యం చక్కగా మొదటి రూపంలోకే వస్తుంది, ఎందుకంటే తిప్పినాయనకు రెండు భాషల పుస్తకాలూ తెలుసు. వాక్యం షాపులో అర్థమవుతుందా లేదా అన్నది ఆ పరీక్షలో తేలదు. దానికి వేరే పని చేయాలి. ఆరేడుగురు వ్యాపారుల దగ్గర కూర్చుని, ఒక్కో ప్రశ్న చదివి 'మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి' అని అడగాలి. అలా అడిగితే ఉపయోగకరం అన్నది 'చిల్లర కోసం పక్క షాపుకు పరిగెత్తే పని తప్పింది', 'రద్దీ టైములో బేరాలు త్వరగా తెములుతున్నాయి' అన్న వాక్యాలుగా మారుతుంది. సులభం అన్నది 'డబ్బు పడిందో లేదో ఎవర్నీ అడక్కుండా నేనే చూసుకోగలను' అవుతుంది. షాపులో 'యూపీఐ' కన్నా ఫోన్‌పే, స్కానర్ అన్న మాటలే నడుస్తాయి. ఏ కంపెనీ యాప్ అయినా సరేనని మొదట్లో ఒకసారి చెప్పి, అవే వాడండి. వాక్యాలు మార్చారు కాబట్టి పాత పేపర్ల ఆల్ఫా (ఒకే అంశం మీది ప్రశ్నలు ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే కొలత) మీకు చెల్లదు. 30–40 మందితో పైలట్ చేసి మీది మీరు చూపించాలి.

ఒక వాక్యంలో రెండు విషయాలు ఇరికించకండి. 'వేగంగా, భద్రంగా ఉంది' అంటే వేగం ఒప్పుకుని భద్రత ఒప్పుకోనివాడు ఏం చెప్పాలి? తిరగేసిన ప్రశ్నలు కూడా వద్దు. 'కష్టంగా ఏమీ లేదు' అన్నదానికి 'ఒప్పుకోను' అంటే ఏమిటో అడిగేవాళ్లకీ, చెప్పేవాళ్లకీ తెలియదు. ఏ ప్రశ్నలు కలిసి ఒక గుంపుగా నడుస్తాయో చూసే ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌లో అలాంటివన్నీ విడిగా ఒక గుంపు కడతాయి. ఐదు గళ్ల స్కేలును నోటితో చదవడం బదులు రెండు మెట్లలో అడగండి: ముందు అవునా, కాదా, మధ్యస్తమా, తర్వాత గట్టిగానా, కొంతవరకేనా. దీనికి టైము ఎక్కువ పడుతుంది కానీ అన్నిటికీ ఐదు వేయడం తగ్గుతుంది.

మోడల్‌లో కూడా కత్తెర వేయాలి. 2003 నాటి యూటాట్ ఆఫీసు ఉద్యోగుల మీద కట్టింది. 2012లో వచ్చిన యూటాట్-2ను హాంకాంగ్ మొబైల్ ఇంటర్నెట్ వినియోగదారుల మీద, ఆన్‌లైన్ సర్వేతో పరీక్షించారు. గల్లా పెట్టె దగ్గర కూర్చున్న మనిషి ఆ రెండింటిలోనూ లేడు. వినోదం కోసం వాడటం అనే అంశాన్ని తీసేయండి. 'నాకు కావాల్సినవాళ్లు వాడమంటున్నారు' అన్న సామాజిక ప్రభావాన్ని 'ఫోన్‌పే లేదంటే బేరం పక్క షాపుకు పోతుంది' అని మార్చండి. షాపు మీద నిజంగా పనిచేసే ఒత్తిడి అదే. ఖర్చు విషయంలో, 2020 జనవరి 1 నుంచి వ్యాపారికి యూపీఐ మీద ఎండీఆర్, అంటే లావాదేవీకి వ్యాపారి నుంచి తీసుకునే రుసుము, లేదు. మిగిలింది సౌండ్ బాక్స్ అద్దె, దాన్నే అడగండి.

తీసేసినచోట రిస్క్ చేర్చండి, అదీ మూడుగా విడదీసి. నకిలీ స్క్రీన్‌షాట్ చూపించి పోయేవాళ్ల భయం ఒకటి. ఎవరి మోసం డబ్బో వచ్చి పడి తన ఖాతా స్తంభించిపోతుందన్న భయం ఇంకొకటి. లెక్కలన్నీ పన్నువాళ్లకు కనిపిస్తాయన్నది మూడోది. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ జమల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లినప్పుడు, బెంగళూరులో కొన్ని షాపుల ముందు 'నగదు మాత్రమే' అన్న బోర్డులు లేచాయి. అలాంటి వార్త మీ సర్వే మధ్యలో పడితే ముందు వారం జవాబులు, తర్వాతి వారం జవాబులు ఒకటి కావు. ప్రతి ఫారం మీదా తేదీ వేయండి. మొదటి భయాన్ని సౌండ్ బాక్స్ తీరుస్తుంది, మిగతా రెండిటినీ తీర్చదు. ఒకే 'రిస్క్' స్కోరులో కలిపితే ఈ తేడా మాయమవుతుంది.

వెళ్లే వేళ: మామూలు షాపులకు మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర మధ్య. బీసెంట్ రోడ్డుకు సాయంత్రం వెళ్తే ఎవరూ మాట్లాడరు. రైతు బజారుకు పొద్దుటి రద్దీ తగ్గాక. చేతిలో కాలేజీ ఐడీ, డిపార్ట్‌మెంట్ ఫోన్ నంబరున్న లెటర్ ఉండాలి, లేకపోతే మిమ్మల్ని పన్నువాళ్లనో, మోసగాళ్లనో అనుకుంటారు. అమ్మకం ఎంతన్నది చివర్న, అదీ అంకె కాకుండా శ్రేణుల్లో అడగండి. ఫోన్ నంబరు, ఖాతా వివరాలు, స్క్రీన్‌షాట్లు తీసుకోవద్దు. ఫోన్‌లో పేమెంట్ల హిస్టరీ వ్యాపారే చూసి నోటితో చెప్తే చాలు. జూనియర్ విద్యార్థులతో నింపిస్తుంటే పదింట ఒక షాపుకు మీరే మళ్లీ వెళ్లి రెండు ప్రశ్నలు అడిగి సరిచూడండి. క్యాంటీన్‌లో కూర్చుని నింపిన ఫారాలు అక్కడే బయటపడతాయి.

విశ్లేషణ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, గైడ్లకు కంఠతా వచ్చు: లోడింగ్ (ప్రశ్నకు దాని అంశంతో ఉన్న సంబంధం) 0.708, ఆల్ఫా 0.7, ఏవీఈ (ప్రశ్నల్లోని తేడాల్లో అంశం వివరించే వాటా) 0.5, ఇవన్నీ కనీసం; హెచ్‌టీఎంటీ (రెండు అంశాలు విడివిడివేనా అని చూసేది) గరిష్ఠంగా 0.85; బూట్‌స్ట్రాప్ (డేటాలోంచే మళ్లీ మళ్లీ శాంపిల్ తీయడం) 5,000 సార్లు. ఆల్ఫా 0.95 దాటితే సంబరపడకండి, ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా అడిగారని అర్థం. ఉపయోగం, సులభం మధ్య హెచ్‌టీఎంటీ 0.9 దాటితే ప్రశ్నలు తీసేసే ముందు ఫారాలు చూడండి, అన్నిటికీ ఒకే గడి టిక్ చేసినవి ఎన్నో లెక్కపెట్టండి. స్కానర్ తన పేరు మీద ఉన్నవాళ్లను, లేనివాళ్లను విడిగా నడిపి చూడండి. శీర్షికలో 'ప్రభావం' అని పెట్టకండి. ఒక్కసారి అడిగిన సర్వేతో ఏది ముందో, ఏది వెనకో తేలదు, వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది. 'వాడకంతో సంబంధమున్న అంశాలు' అని రాసుకోండి. గడువు మరీ తక్కువైతే గుంటూరు వదిలేసి విజయవాడలోనే 300 చేయండి, చెరో ఊళ్లో 150 చేసి రెండు ఊళ్లనూ పోల్చే ప్రయత్నం మాత్రం వద్దు.