గెట్ ఒక్కటి పట్టుకో, చాలు

అమలాపురం

చి. అమ్మడుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజీ చూశాను. విదేశీ ఆసుపత్రుల్లో ఉద్యోగానికి రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీకి చదువుతూ పెద్ద పెద్ద మాటలన్నీ నేర్చుకున్నావు, తీరా వినే పరీక్షలో పేషెంటు ‘గెట్’ అనేసరికి తడబడుతున్నావు. ఇది చాలామందికి వచ్చే ఇబ్బందే. పుస్తకాల్లో అబ్‌టెయిన్, రిసీవ్, బికమ్ అని చదువుకుని వెళ్తాం. అక్కడ మంచం మీదున్న ముసలాయన నోట అవేవీ రావు, అన్నిటికీ గెట్టే.

డిక్షనరీ తెరిచి అర్థాలు ఒకటి, రెండు, మూడు అని బట్టీ పట్టకు. పదో అర్థానికి మొదటిది మర్చిపోతావు. గెట్ తర్వాత ఏం వచ్చిందో చూడు, పని అక్కడే తేలిపోతుంది.

వస్తువు పేరు వస్తే మన వచ్చింది, దొరికింది, కొన్నాను, తెచ్చాను అన్నీ అందులోనే. ‘ఐ గాట్ ఎ లెటర్’ అంటే నాకు ఉత్తరం వచ్చింది. మనకి ఉత్తరం వస్తుంది, వాళ్లకి మనిషే కర్త. ‘నాకు’ అని మొదలుపెట్టి ఆలోచిస్తే ‘లెటర్ కేమ్ టు మీ’ అని వస్తుంది, అక్కడే మనవాళ్లు దొరికిపోతారు. మధ్యలో మనిషి, చివర వస్తువు ఉంటే తెచ్చిపెట్టమని: ‘గెట్ మీ సమ్ వాటర్’.

గుణం చెప్పే మాట వస్తే ‘అవడం’. ‘గెటింగ్ బెటర్’ అంటే నెమ్మదిస్తోంది. నీ ఉద్యోగానికి ఇది అన్నిటికన్నా ముఖ్యం, కాస్త ఆగి చూడు. ‘ఐయామ్ బ్రెత్‌లెస్’ అంటే ఇప్పుడు, నీ ఎదురుగానే ఆయాసపడుతున్నాడు. ‘ఐ గెట్ బ్రెత్‌లెస్ ఆన్ ద స్టెయిర్స్’ అంటే మెట్లెక్కినప్పుడల్లా ఆయాసం వస్తుంది, కూర్చున్నప్పుడు బాగానే ఉండొచ్చు. మొదటిది విన్న వెంటనే పల్స్ ఆక్సీమీటరు పెడతావు. రెండోదానికి ఎన్ని మెట్లకి, ఎన్నాళ్లనుంచి అని అడుగుతావు. రెండూ ఒకటే అనుకుని ‘ఆయాసం’ అని రాసేస్తే సగం సమాచారం పోయినట్టే.

చోటు పేరు వస్తే చేరడం, దానికి ‘టు’ కావాలి: ‘గెట్ టు రావులపాలెం’. హోమ్, హియర్, దేర్‌లకి మాత్రం ‘టు’ పెట్టకూడదు. ‘గెట్ టు హోమ్’ అని మనవాళ్లలో సగంమంది అంటారు. ‘కాంట్ గెట్ టు స్లీప్’ అంటే నిద్రపట్టడం లేదని.

ఎక్కడం దిగడం దగ్గర ఒక గుర్తు చెబుతాను. లోపల నిలబడి నడవగలిగే బండయితే ఆన్, ఆఫ్. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే నర్సాపురం పంటు ఎక్కితే ‘గెట్ ఆన్’, దిగితే ‘గెట్ ఆఫ్’. బస్సూ రైలూ అంతే. ఒంగి దూరి కూర్చునే కారూ ఆటో అయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. సైకిలూ మోటారు సైకిలూ ఈ లెక్కకి రావు, వాటి మీద కూర్చుంటాం కాబట్టి ఆన్, ఆఫ్. బస్సు దిగడాన్ని మనం ‘గెట్ డౌన్’ అంటాం. అక్కడ అర్థం చేసుకుంటారు గానీ వాళ్ల మాట అది కాదు. పైగా ‘దిస్ పెయిన్ ఈజ్ గెటింగ్ మీ డౌన్’ అని పేషెంటు అంటే ఈ నొప్పితో మనసు కుంగిపోతోందని. అది వినగానే నిద్ర, తిండి, దిగులు గురించి అడగాలి.

ఇంక చేయించడం. దీనికి తెలుగే నీకు సాయం. మన ‘ఇంచు’ ఉంది చూడు, చేయించు, కట్టించు, మార్పించు, అదే ఇక్కడ గెట్. కాయలు దింపించాం అంటే ‘వియ్ గాట్ ద కోకోనట్స్ పిక్డ్’. చెట్టెక్కింది దింపు కార్మికుడు, మనం కాదు. అలాగే ‘గెట్ ద డ్రెస్సింగ్ చేంజ్డ్’ అంటే కట్టు మార్పించు. మనిషిని మధ్యలో పెడితే ‘టు’ రావాలి: ‘గెట్ హిమ్ టు సైన్’. మేక్‌కి ఆ ‘టు’ ఉండదు: ‘మేక్ హిమ్ సైన్’. గెట్‌లో బతిమాలి ఒప్పించిన వాసన ఉంటుంది, మేక్‌లో బలవంతం. ఒక్క జాగ్రత్త. ‘ఐ గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ద డోర్’ అన్నవాడు వేలు ఎవరిచేతా ఇరికించుకోలేదు, తలుపులో పడి నలిగింది. రూపం ఒకటే, సందర్భం చూసుకోవాలి.

నువ్వు పంపిన తప్పుల్లో ఎక్కువ ‘హావ్ గాట్’వి. ‘ఐవ్ గాట్ ఎ కాఫ్’ అంటే నాకు దగ్గు ఉంది, ఇప్పుడు ఉంది. గాట్ కనిపించగానే జరిగిపోయిందనుకుని పాత జబ్బుల్లో రాస్తున్నావు. ‘ఐ గాట్ ఎ కోల్డ్ లాస్ట్ వీక్’ అయితే పోయిన వారం పట్టింది. ఆ ‘వ్’ వేగంగా మాట్లాడేటప్పుడు దాదాపు వినిపించదు, అందుకని వెనకాల కాలం చెప్పే మాట ఉందో లేదో చెవిన వేసుకో. ‘హావ్ గాట్ టు’ అంటే తప్పదని. అమెరికావాళ్లు ‘గాటెన్’ కూడా వాడతారు, నీకిప్పుడు అది అక్కర్లేదు.

చిన్న మాటలు తగిలిస్తే వచ్చేవి లెక్కలేనన్ని. ముందు ఆసుపత్రివి నేర్చుకో. ‘గెట్ ఓవర్’ కోలుకోవడం. ‘గెట్ బై’ ఎలాగో నెట్టుకురావడం, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎక్కువ అంటారు. ‘హి ఈజ్ గెటింగ్ ఆన్’ అంటే వయసు మీదపడుతోందని. ‘గెట్ ఇట్ ఆఫ్ మై చెస్ట్’ వినగానే స్టెతస్కోపు తియ్యకు, మనసులో ఉన్నది చెప్పుకుంటానంటోంది. మన సినిమావాళ్ల ‘గెటప్’ కూడా అక్కడిదే, వేషానికి వాళ్లూ ఆ మాటే వాడతారు. అన్నట్టు ‘గెట్ అప్’ని ఎవరూ విడదీసి పలకరు, కలిపే వినాలి.

ఇక పని. వంద పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటి తీసుకో. పైన చెప్పిన ఒక్కో రూపానికీ పదేసి పేజీలు విడిచిపెట్టు. పేజీకి మధ్యలో గీత, ఎడమవైపు పూర్తి ఇంగ్లీషు వాక్యం, కుడివైపు మనింట్లో ఎలా అంటామో అలాగే తెలుగు. ‘పొందు’ అని మాత్రం రాయకు. ‘నేను జ్వరాన్ని పొందాను’ అని మన వీధిలో ఎవరన్నా అంటారా? రోజుకి ఐదు వాక్యాలు చాలు. ఆదివారం ఇంగ్లీషు వైపు మూసి, తెలుగు చూసి పైకి చెప్పు, తప్పినవాటికి చుక్క పెట్టు. చుక్కలు మూడైన వాక్యాన్ని ఫోనులో నీ గొంతుతోనే రికార్డు చేసుకుని బస్సులో విను.

పరీక్షలో ఉత్తరం రాసే భాగంలో మాత్రం గెట్ వద్దు. అది ఇంకో డాక్టరుకో నర్సుకో వెళ్లే కాగితం. అక్కడ ‘రిసీవ్డ్’, ‘డెవలప్డ్’, ‘రికవర్డ్’ అని రాయి. మాట్లాడే పరీక్షలో అదే పేషెంటుతో ‘రికవర్’ కన్నా ‘గెట్ బెటర్’ అంటేనే బాగుంటుంది.

మొదటి వారం పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ‘హావ్ గాట్’ పేజీ ముందు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న