సోవియట్ యూనియన్ కూలిపోయినప్పుడు అక్కడి మామూలు జనం ఎలా తట్టుకున్నారు?

ప్రభుత్వం, డబ్బు, ధరలు, ఉద్యోగాలు అన్నీ ఒకేసారి తారుమారైతే మామూలు జనం ఎలా బతికారు, పుస్తకాల్లోది కాదు, చూసినవాళ్లు చెప్పండి అని అడిగారు. నేను చూశాను. 1989లో వైద్యం చదవడానికి వెళ్లి 1998 చివర్లో తిరిగొచ్చాను. వెళ్లినప్పుడు అది సోవియట్ యూనియన్, వచ్చేటప్పుడు రష్యా. మధ్యలో నేను హాస్టల్ గది కూడా మారలేదు.

ముందే చెబుతున్నాను, నేను మాస్కోలో లేను. వోల్గా ఒడ్డున ఓ మోస్తరు నగరం మాది. కాబట్టి ట్యాంకుల కథలు నా దగ్గర లేవు. 1991 ఆగస్టు 19న మాస్కో వీధుల్లో ట్యాంకులు తిరుగుతుంటే మా హాస్టల్ టీవీలో బ్యాలే నాట్యం వస్తోంది. అక్కడ పెద్ద నాయకులు పోయినప్పుడల్లా టీవీలో ఇలాంటి సంగీతమే పెట్టేవారట, అందుకని పైన ఏదో అయిందని అందరికీ అర్థమైపోయింది. అయినా ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. ఆ రోజు క్యూలో నిలబడకపోతే మర్నాడు ఆ సరుకు ఉండదు మరి.

నాకు తెలిసింది ఎక్కువగా హాస్టల్ గేటు దగ్గర నేర్చుకున్నదే. అక్కడ తాళాల గుత్తి పట్టుకుని ఒక ముసలావిడ కూర్చునేది. మేమంతా బామ్మ అనేవాళ్లం. యుద్ధం చూసిన మనిషి. చావు ఖర్చుల కోసం కొంత డబ్బు దాచుకుంది. తమ అంత్యక్రియల భారం పిల్లల మీద పడకూడదని అలా దాచుకోవడం ఆ దేశపు ముసలివాళ్లలో మామూలే, ఆ డబ్బుకు వాళ్ల భాషలో వేరే మాటే ఉంది.

1991 జనవరి 22, మంగళవారం రాత్రి తొమ్మిది గంటల వార్తల్లో 50, 100 రూబుళ్ల నోట్లు ఇక చెల్లవన్నారు. మార్చుకోవడానికి మూడు రోజులు. మనిషికి వెయ్యి రూబుళ్ల వరకే, అంతకు మించితే ఎక్కడిదో లెక్క చెప్పాలి. బ్యాంకులో ఉన్న డబ్బయినా నెలకు 500 మించి తీయడానికి లేదు. (ఇది చదవగానే మీకేం గుర్తొస్తుందో నాకు తెలుసు. దయచేసి ఆ గొడవ ఇక్కడ మొదలుపెట్టకండి.) అలాంటి ఆలోచనే లేదని అంతకు కొన్నాళ్ల ముందు దాకా చెప్పినవాళ్లే ఈ పని చేశారు. బామ్మ డబ్బంతా రుమాల్లో మూటగట్టిన వంద నోట్లే. గడ్డకట్టే చలిలో రెండు రోజులు క్యూలో నిలబడి, కొంత తన పేరున, కొంత కూతురి ఇంట్లోవాళ్ల పేరున మార్చుకుంది. అంత కష్టపడ్డాక ఇక నోట్లను నమ్మనని మొత్తం తీసుకెళ్లి బ్యాంకులో వేసింది.

అక్కడే దెబ్బతింది. 1991 డిసెంబర్ 25న సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్ రాజీనామా చేశాడు, మాస్కోలో ప్రభుత్వ పీఠమైన క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దిగింది. వారం తిరగ్గానే, 1992 జనవరి 2న, రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ప్రభుత్వం చాలా సరుకుల ధరల మీద అదుపు ఎత్తేసింది. ఆ ఒక్క ఏడాదిలో ధరలు సుమారు 26 రెట్లయ్యాయి. అంతకుముందు జేబులో డబ్బుండేది, కొట్లో సరుకుండేది కాదు. ఇప్పుడు కొట్లు నిండాయి, జేబులు ఖాళీ. బామ్మ దాచుకున్నది మూడు వేల రూబుళ్లు. ఆమె లెక్కలో దాదాపు మూడేళ్ల జీతం. ఏడాది చివరికి ఆ డబ్బుకు కొన్ని కిలోల సాసేజ్ వచ్చేది. పాస్‌బుక్కులో అంకె మాత్రం అలాగే ఉంది, ఒక్క కోపెక్కు తగ్గలేదు. అది చూపించి నవ్వేది. ‘ఎవరూ దొంగతనం చెయ్యలేదు, చూడు’ అనేది.

కరువును ఆ జనం భరించగలరు. అంతకన్నా పెద్ద కరువులే చూశారు. నిన్న రాత్రి ఉన్న రూలు పొద్దున లేచేసరికి లేకపోవడమే వాళ్లను ఎక్కువ కుంగదీసిందని నాకనిపిస్తుంది. ఏం చేస్తే ఏమవుతుందో తెలియదు. దాచినవాడు నష్టపోయాడు, అప్పు చేసి ఫ్రిజ్జు కొన్నవాడు బాగుపడ్డాడు. జీవితమంతా పిల్లలకు పొదుపు గురించి చెప్పినవాళ్లు ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఏం చెప్పాలి?

ఇక ఎలా తట్టుకున్నారంటే, ప్రకటనతో రద్దు చేయడానికి వీల్లేనివి ఏమున్నాయో వాటిని పట్టుకుని. మొదటిది భూమి. ఊరి బయట దాచా అని చిన్న తోటలు ఉండేవి, మామూలు కొలత ఆరు సోత్కాలు, అంటే 600 చదరపు మీటర్లు. సోవియట్ కాలంలో అది సెలవు రోజు సరదా. తొంభైల్లో అదే తిండిగింజ. మా శరీరశాస్త్రం ప్రొఫెసర్ సోమవారం క్లాసుకు గోళ్లలో మట్టితో వచ్చేవారు. ఆ దశాబ్దం చివరికి దేశంలో పండే బంగాళాదుంపల్లో 90 శాతం దాకా ఇలా ఇళ్లవాళ్లు పండించుకున్నవే. రెండోది చుట్టరికం, స్నేహం. దుంపలిచ్చి పాలు తెచ్చుకోవడం, పన్ను పీకించుకుని బూట్లు కుట్టి ఇవ్వడం.

1992 జనవరి చివర్లో ఎవరైనా ఎక్కడైనా అమ్ముకోవచ్చని ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు అలా కొని అమ్మడం నేరం, జైల్లో వేసేవాళ్లు. అందుకని మొదట్లో జనం భయపడుతూ, పేపర్లో పడిన ఆ ఉత్తర్వు ముక్క కోటుకు గుచ్చుకుని ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు. చేతిలో ఒక జత మేజోళ్లు, ఒక పాత టీ కెటిల్, యుద్ధంలో వచ్చిన పతకం. ఆ వరుసలో మా లైబ్రేరియన్ కూడా కనిపించింది. నేను చూడనట్టు వెళ్లిపోయాను, అదే మర్యాద అనుకున్నాను. ఇప్పుడైతే ఆగి ఏదో ఒకటి కొనేవాణ్ణి.

తర్వాత ‘చెల్నోకులు’ బయల్దేరారు. ఆ మాటకు అర్థం మగ్గంలో నాడె. నాడె అటూ ఇటూ తిరిగినట్టు టర్కీకీ, పోలండ్‌కీ, చైనాకీ తిరుగుతూ గళ్ల సంచుల్లో బట్టలు తెచ్చి అమ్మేవాళ్లు. టీచర్లు, ఇంజినీర్లు, నర్సులు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇది రాయడానికి కాస్త ఇబ్బందిగా ఉంది కానీ నేను చూసింది ఇదే: ఫ్యాక్టరీ మూతపడ్డాక భార్య గళ్ల సంచి భుజాన వేసుకుంది, భర్త కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆయన ఇరవై ఏళ్లు విమాన ఇంజిన్లు చేసినవాడు. సంతలో లోదుస్తులు అమ్మడం ఆయన వల్ల కాలేదు.

తట్టుకోలేనివాళ్లు మా ఆసుపత్రికి వచ్చారు. 1993, 94లో రాత్రి డ్యూటీల్లో వచ్చిన కేసుల్లో నలభై, యాభై ఏళ్ల మగవాళ్లే ఎక్కువ. గుండెపోటు, కల్తీ సారా, కొట్లాట గాయాలు, మంచులో పడి నిద్రపోయినవాళ్లు. మేం కాగితం మీద గుండె ఆగిందని రాసేవాళ్లం. 1990లో రష్యన్ మగవాడి సగటు ఆయుర్దాయం దాదాపు 64 ఏళ్లు. 1994 వచ్చేసరికి 58 కన్నా తక్కువ. దేశమంతా పాకిన యుద్ధం లేదు, ఊళ్లను ఊడ్చేసే అంటురోగం లేదు. నాలుగేళ్లలో ఆరేళ్ల ఆయుష్షు పోయింది. వృత్తిరీత్యా దీని గురించి తర్వాత చాలా చదివాను. సారాయే కారణమనేవారు కొందరు, టెన్షన్ అనేవారు కొందరు. ఆ వార్డులో నిలబడ్డవాడికి రెండూ వేర్వేరుగా కనిపించలేదు.

వోచర్ల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1992 అక్టోబర్ నుంచి ప్రతి పౌరుడికీ పది వేల రూబుళ్ల వోచర్ ఇచ్చారు, ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో వాటా కొనుక్కోమని. ఒక్కో వోచరూ రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని ప్రైవేటీకరణ వ్యవహారం నడిపించిన చుబైస్ చెప్పాడు. మా హాస్టల్లో ఒకతను తన వోచర్ అమ్మి వోద్కా కొన్నాడు. అందరూ తిట్టారు. రెండేళ్ల తర్వాత చూస్తే అందరిలో ఎంతో కొంత రాబట్టుకున్నది అతనొక్కడే.

ఇదంతా తప్పనిసరా అంటే, మా బ్యాచ్‌లో ఒక పోలండ్ అబ్బాయి ఉండేవాడు, అతనితో ఈ విషయం మీదే తెల్లవార్లూ వాదించేవాణ్ణి. వాళ్లూ 1990 జనవరి 1న ఇలాగే ధరలు వదిలేశారు. ఆ ఏడు అక్కడ ద్రవ్యోల్బణం 600 శాతానికి దగ్గరగా వెళ్లింది, తర్వాత నిరుద్యోగం 16 శాతం దాటింది. అంటే నొప్పి లేదని కాదు. కానీ 1989లో పాత ప్రభుత్వం, ప్రతిపక్షం రెండు నెలలు ఒక బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుని, ఎన్నికలు పెట్టుకుని ఆ తర్వాత చేశారు. పొలాలు చాలావరకు ముందునుంచీ రైతుల చేతుల్లోనే ఉన్నాయి. 1991లో పశ్చిమ దేశాలు వాళ్ల అప్పు సగం మాఫీ చేశాయి. ఇంకోటి, యాచెక్ కురోన్ అనే కార్మిక మంత్రి టీవీలో క్రమం తప్పకుండా కనిపించి, ఏం చేస్తున్నారో, ఎంత బాధగా ఉంటుందో మామూలు మాటల్లో చెప్పేవాడు. నిరుద్యోగ భృతికి జనం ఆయన పేరే పెట్టుకున్నారు, ‘కురోనువ్కా’ అని. 1993లో కోపం వచ్చి ఓటేసి పాత కమ్యూనిస్టులనే తెచ్చుకున్నారు, 1997లో మళ్లీ ఓటేసి దించారు. అదే 1993 అక్టోబర్‌లో రష్యాలో అధ్యక్షుడికీ పార్లమెంటుకూ తగవు వస్తే పార్లమెంటు భవనం మీద ట్యాంకులతో కాల్చారు. మావాళ్లు దాన్ని సినిమా చూసినట్టు టీవీలో చూసి, దుంపలు తవ్వడానికి వెళ్లారు.

నేనేమీ సాధువుని కాదు. నా దగ్గర కాసిని డాలర్లుండేవి. 1992లో మా పాథాలజీ లెక్చరర్ తన కెమెరా అమ్ముతానంటే పదిహేను డాలర్లకు కొన్నాను. ఆయన నెల జీతం కంటే అదే ఎక్కువ. నేనేదో ఉపకారం చేసినట్టు ఆయన రెండుసార్లు థాంక్స్ చెప్పారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ కెమెరా ఇప్పటికీ ఉంది, దాంతో ఫొటోలు తీయలేదు.

1993 జూలైలో మళ్లీ పాత నోట్లు రద్దు. 1994 అక్టోబర్ 11న ఒక్క రోజులో డాలరు 3,081 రూబుళ్ల నుంచి 3,926కి పోయింది. ఆ తర్వాత జీతాలు నెలల తరబడి ఆగిపోవడం, జీతం బదులు ఫ్యాక్టరీ సరుకే ఇవ్వడం. రైలు ఆగిన చోట క్రిస్టల్ గ్లాసులు పట్టుకుని కార్మికులే అమ్మేవాళ్లు. 1998 జనవరి 1న మూడు సున్నాలు కొట్టేసి కొత్త రూబుల్ తెచ్చారు. నాకప్పుడు ఇక కుదుటపడిందనిపించింది. పీజీ చేస్తూ, ఆసుపత్రిలో పని చేస్తూ వచ్చిన డబ్బు రూబుళ్లలోనే దాచాను.

ఆ ఆగస్టు 14, శుక్రవారం, రూబుల్ విలువ తగ్గించబోమని యెల్త్సిన్ గట్టిగా, స్పష్టంగా చెప్పాడు. రేడియోలో అది వినగానే బామ్మ తాళాల గుత్తి నా చేతిలో పెట్టి సంచీ తీసుకుంది.

‘ఎక్కడికి బామ్మా?’

‘ఉప్పు, పంచదార, అగ్గిపెట్టెలు తేవాలి. నువ్వూ పోయి నీ డబ్బు మార్చుకో.’

‘తగ్గించం అన్నారుగా!’

‘అందుకే’ అంది.

నేను నవ్వాను, వెళ్లలేదు. సోమవారం ప్రభుత్వం చేతులెత్తేసింది. ఆరున్నర రూబుళ్లు కూడా లేని డాలరు మూడు వారాలకు ఇరవై దాటింది. సెప్టెంబర్‌లో కొట్లో పంచదార దొరక్క బామ్మ దగ్గరికి వెళితే మంచం కింది నుంచి రెండు కిలోలు తీసి ఇచ్చింది. జేబులోంచి డబ్బు తీయబోతే వద్దంది. దొరికినప్పుడు పంచదారే తిరిగి ఇమ్మంది.