అడిగే ముందు ఆ రెండు లైన్లు

అమ్మలూ,

నిన్న రాత్రి వాట్సాప్‌లో నువ్వు పంపిన ఫోటో చూశాను. లాప్‌టాప్ తెర మీద ట్యూబులైటు వెలుగు పడి సగం కనిపించలేదు. కింద "పెదనాన్నా, రావట్లేదు" అని ఒక్క ముక్క. అదే ఫోటో ఇంటర్నెట్‌లోనూ పెట్టావట, ఎవరూ పలకలేదని దిగులుపడుతున్నావట. మీ నాన్న చెప్పాడు. సాయం చేసేవాళ్లు లేక కాదమ్మా. వాళ్లు పట్టుకుని చూడటానికి నువ్వేమీ ఇవ్వలేదు.

నాన్నమ్మ సామెతలు టైపు చేసిన ఫైలు తెరవడం, మాటలు విడదీయడం, లెక్కపెట్టడం, పట్టిక వేయడం, అన్నీ పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నువ్వు రాసిన ప్రోగ్రాంలో ఉన్నాయి. పట్టిక రావట్లేదని నీ ప్రశ్న. కానీ ఎర్రర్ పట్టిక దగ్గర లేదు. ఎర్ర అక్షరాల గుంపులో అన్నిటికన్నా కింది లైను చదువు. 'యూనికోడ్ డీకోడ్ ఎర్రర్' అని ఉంది. ఫైలులోని బైట్లని, అంటే కంప్యూటరు దాచుకునే అంకెలని, అక్షరాలుగా మార్చలేక 81 అనే బైటు దగ్గర ఆగిపోయానంటోంది. పైతాన్‌లో ముందు చదవాల్సింది ఆ చివరి లైనే. దాని పైన, నీ ప్రోగ్రాం ఫైలులో ఎన్నో లైను దగ్గర ఆగిందో కూడా రాసి ఉంటుంది.

ఇప్పుడు ప్రోగ్రాంని ఇంకో ఫైలులోకి కాపీ చేసి, ఒక్కో భాగం తీసేస్తూ నడుపు. ఎర్రర్ ఇంకా వస్తోందంటే తీసేసిన దానికీ దీనికీ సంబంధం లేనట్టే. నేనలా చేస్తే చివరికి రెండు లైన్లు మిగిలాయి: ఫైలు తెరవడం, చదవడం. సామెతలన్నీ తీసేసి "తెలుగు" అన్న ఒక్క మాట ఉంచినా అదే ఎర్రర్.

కారణం చెప్తా. ఎన్‌కోడింగ్, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పద్ధతి, ఏదో చెప్పకపోతే, మన విండోస్‌లో నీ పైతాన్ 1252 అనే పాత అక్షరాల పట్టికతో ఫైలు చదువుతుంది. నీ సామెతల ఫైలేమో యూటీఎఫ్-8 అనే వేరే ఎన్‌కోడింగ్‌లో ఉంది. అందులో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. కొమ్ముకి మూడో బైటు ఆ 81. ఆ పాత అక్షరాల పట్టికలో ఆ గడి ఖాళీ. ఫైలు తెరిచే లైనులో ఓపెన్ అన్నచోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చేరిస్తే చదివేస్తుంది. నీ స్నేహితురాలి మ్యాక్‌లో ఇదే ప్రోగ్రాం నడిచిందన్నావు కదా, అక్కడ మామూలుగానే యూటీఎఫ్-8. అందుకే ఎవర్ని అడిగినా ఏ ఆపరేటింగ్ సిస్టమో, ఏ పైతాన్ వెర్షనో రాయడం మరిచిపోకు.

ఇంత కుదించాక చాలాసార్లు ఎవర్నీ అడగాల్సిన పనే ఉండదు. ఆ చివరి లైనులోంచి నీ ఫోల్డరు పేరు, ఫైలు పేరు తీసేసి గూగుల్‌లో వెతికితే నీకంటే ముందు పడినవాళ్లు కనిపిస్తారు. అప్పటికీ దొరక్కపోతే అడుగు. కోడ్‌నీ ఎర్రర్‌నీ అక్షరాలుగానే అతికించు, ఫోటో వద్దు. చూసేవాళ్లు కాపీ చేసుకుని తమ దగ్గర నడపాలి కదా. ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది, అప్పటిదాకా ఏమేం చేసి చూశావు, ఇవి రాయి. ఇంగ్లీషు గురించి భయపడకు. చిన్న చిన్న వాక్యాలు చాలు, నీ రెండు లైన్ల కోడే మిగతాది చెప్తుంది.

2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటులో ఇప్పటికే ఉన్న ప్రశ్న మళ్లీ అడిగితే, పాత ప్రశ్నకు ముడివేసి మూసేస్తారు. అది నిన్ను అవమానించడం కాదు. ఆ ముడి పట్టుకుని వెళ్లు, జవాబు అక్కడుంటుంది.

చాట్‌జీపీటీని అడగొద్దని నేననను. కానీ "రాసిపెట్టు" అనకు, "ఈ లైను ఎందుకు ఆగింది" అని అడుగు. అది ఎంత ధీమాగా చెప్పినా నడిపి చూశాకే నమ్ము. నేర్చుకునే మొదటి ఏడాది దానితో మొత్తం ప్రోగ్రాం రాయించుకుంటే, ఇలా విడదీసి వెతికే అలవాటు నీకు అబ్బదు. నాకున్న బెంగల్లా అదే.

ఇంకొకటి. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (వేరే సర్వీసు వాడుకోవడానికి నీ ప్రోగ్రాంకి ఇచ్చే రహస్య సంకేతాలు) ఉన్న కోడ్ ఎక్కడా అతికించకు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టి తర్వాత చెరిపినా పాత కమిట్‌లో, అంటే ముందు దాచిన ప్రతిలో, అది అలాగే ఉంటుంది. పొరపాటున బయటపడితే వెంటనే ఆ కీ రద్దుచేసి కొత్తది తీసుకో.

నువ్వు ఇంటర్నెట్‌లో పెట్టిన ఆ ప్రశ్నని తీసెయ్యకు. ఫోటో తీసేసి, దాని బదులు ఆ రెండు లైన్ల కోడ్ పెట్టి, ఏం చేస్తే పనిచేసిందో కింద నువ్వే రాయి. రేపు తెలుగు ఫైలుతోనో తమిళం ఫైలుతోనో ఇంకెవరో ఇక్కడే ఆగుతారు.

నాన్నమ్మ సామెతల్లో ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో తేలగానే ఫోన్ చెయ్యి. ఆవిడ పక్కనే కూర్చుని అడుగుతోంది.

ఆశీస్సులతో,
పెదనాన్న